కళాశాల ఎంపికలో ఔచిత్యం

దేవతలకు గురువు బృహస్పతి. ఆయన కుమారుడు కచుడు. విద్యకు అంతకంటె పేరుగల ఇల్లు ముల్లోకాలలో మరొకటి లేదు. ఐనా కచుడు ఆ ఇంటిని విడిచి, శత్రుపక్షమైన రాక్షసులకు గురువైన శుక్రాచార్యుని చెంత శిష్యునిగా చేరాడు. కారణం ఒక్కటే. యుద్ధంలో చనిపోయిన రాక్షసులను శుక్రుడు మృతసంజీవనీ విద్యతో మళ్లీ బ్రతికిస్తున్నాడు. ఆ విద్య బృహస్పతికి తెలియదు. నన్నయభట్టు తెలుగు చేసిన మహాభారతం ఆదిపర్వంలో, యయాతి చరిత్రతో ముడిపడి ఈ కథ వస్తుంది.

కచుని పేరు చెప్పగానే మనకు దేవయాని ప్రేమ, ఆమె ఇచ్చిన శాపం స్ఫురిస్తాయి. కవులకూ వ్యాఖ్యాతలకూ రుచించినది ఆ భాగమే. తరగతి గదిలో ఈ కథను ఎన్నో ఏళ్లుగా చెబుతున్న నాకు మాత్రం అందులోని మొదటి అడుగే విశేషంగా తోస్తుంది. కచుడు గాని, అతనిని పంపిన దేవతలు గాని 'ఏ గురువు గొప్పవాడు?' అని ప్రశ్నించుకోలేదు. 'మనకు కావలసిన విద్య ఏది? అది ఎవరి దగ్గర ఉన్నది?' అని ప్రశ్నించుకొన్నారు. పైపైన చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి. కాని మొదటి ప్రశ్న వేసుకొని ఉంటే కచుడు ఇల్లు కదిలేవాడే కాదు.

అలంకార శాస్త్రంలో ఔచిత్యం అనే మాట ఉన్నది. 11వ శతాబ్దికి చెందిన కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు దీనిని గురించి 'ఔచిత్యవిచారచర్చ' అనే గ్రంథమే రచించాడు. పదం గాని, అలంకారం గాని తనంతట తాను గొప్పది కాదు. ఏ చోట, ఎవరి నోట, ఏ సందర్భంలో వచ్చిందో దానిని బట్టి అది శోభిస్తుంది, లేదా వెగటు పుట్టిస్తుంది. కావ్యాన్ని గురించి పుట్టిన ఈ ఆలోచనను కళాశాల ఎంపికకు అన్వయించి చూడడమే ఈ పాఠం ఉద్దేశం.

ఇంటర్మీడియట్ ద్వితీయ సంవత్సరం ఫలితాలు వెలువడిన నాటి నుంచి మన ఇళ్లలో వినిపించే మొదటి ప్రశ్న 'ఏ కాలేజీ?' అన్నదే. 'ఏమి చదువుదామనుకొంటున్నావు?' అన్నది రెండవ ప్రశ్న. కొన్ని ఇళ్లలో ఆ రెండవ ప్రశ్న రానే రాదు. కళాశాల పేరు చెప్పగానే బంధువులు తలలూపితే అది మంచి కళాశాల, 'అదెక్కడ ఉన్నది?' అని అడిగితే అది మంచిది కాదు. మీరు ఈ కొలమానాన్ని ఇదివరకే చూశారు. పదవ తరగతి ముగిసి, ద్వితీయ భాషను ఎంచుకొనే వేళ 'సంస్కృతం తీసుకొంటే మార్కులు ఎక్కువ వస్తాయట' అనే సలహా మీలో చాలమంది వినే ఉంటారు. రెండు భాషలనూ చదువుకొన్న నాకు ఆ సలహా విన్నప్పుడల్లా నవ్వూ బాధా కలిసి వస్తాయి. దానివల్ల తెలుగుకు జరిగే నష్టం ఎంత ఉన్నదో, సంస్కృతానికి జరిగే అవమానమూ అంతే ఉన్నది.

విషయం స్పష్టం కావడానికి ఒక ఊరిని ఉదాహరణగా తీసుకొందాం. కామారెడ్డి జిల్లాలో నిజాంసాగర్‌కు చేరువన మహమ్మద్‌నగర్ ఉన్నది. మంజీర నదిపై 1923లో ఆరంభమై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టు ఈ ప్రాంతపు జీవనాన్ని మార్చివేసింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఇంజనీరుగా రూపుదిద్దిన ఆ జలాశయపు కాలువల వెంట వరి, చెరకు విస్తరించాయి. చెరకు పండింది గనుక బోధన్‌లో 1937లో నిజాం చక్కెర కర్మాగారం వెలసింది. 2015లో అది మూతపడింది. నీరు, పొలం, పాడి, చెరకు - ఇవి ఇక్కడి పిల్లలకు పాఠ్యపుస్తకంలో చదవకముందే తెలిసిన విషయాలు.

అటువంటి ఊరిలో ఎం.పి.సి. చదివిన విద్యార్థిని ఒకామె ఉన్నదనుకొందాం. మార్కులు బాగానే వచ్చాయి. ప్రవేశ పరీక్షలో ర్యాంకు మధ్యస్థం. తండ్రికి కాలువ కింద కొద్దిపాటి పొలం, ఇంటి వెనుక రెండు బర్రెలు. పాల కేంద్రంలో వెన్న శాతాన్ని బట్టి ధర కట్టడం ఆమె చిన్ననాటి నుంచి చూస్తున్నది. ఒకే బర్రె పాలకు పొద్దున ఒక ధర, సాయంత్రం మరొక ధర ఎందుకు వస్తుందో ఆమెకు తెలుసుకోవాలని ఉన్నది. తండ్రి మాత్రం 'మంచి పేరున్న కాలేజట బిడ్డా, పట్నంల ఏస్త' అంటాడు. 'ఆడ ఏం జెప్తరో ఎవరినన్న అడిగినవా నాయినా?' అని ఆమె అడుగుతుంది.

అతడు అడగలేదు. అడగడానికి అతనికి దారి కూడ లేదు. అతని కంటికి కనిపించినవి బస్టాండు దగ్గరి ఫ్లెక్సీ, చేతికి అందిన కరపత్రం, కన్వీనర్ కోటాలో సీటు రాకపోయినా మేనేజ్‌మెంట్ కోటాలో ఇప్పిస్తామన్న ఒక ఫోన్ పిలుపు మాత్రమే. ఆ తండ్రి మాటలో ప్రేమకు లోటు లేదు. కాని ఆ మాట వెనుక అర ఎకరమో, ఎకరమో పొలం ఉన్నది. పొలం ఒకసారి చేయి దాటితే తిరిగి రాదు. ఆమె జీవితంలోని నాలుగేళ్లూ అంతే. ఇంత వెల పెట్టి కొంటున్న వస్తువు ఏమిటో విచారించకపోవడమే ఇక్కడ ఆందోళన కలిగించే విషయం. బర్రెను కొనేటప్పుడు మన రైతు పళ్లు చూస్తాడు, పొదుగు చూస్తాడు, పాలు పిండించి చూస్తాడు. కళాశాల విషయంలో మాత్రం ఫ్లెక్సీ చూసి డబ్బు కడతాడు.

ఆ ఫ్లెక్సీలో ఏమున్నది? మొదటి పది ర్యాంకులు తెచ్చుకొన్నవారి ఫోటోలు. ఒకే సంస్థకు అనేక ఊళ్లలో అనేక శాఖలు ఉన్నప్పుడు, ఆ ఫోటోలోని విద్యార్థి మీరు చేరబోయే భవనంలో ఎన్నడూ అడుగు పెట్టి ఉండకపోవచ్చు. అక్కడే చదివినా, ప్రత్యేకంగా ఏర్పరచిన విభాగంలో చదివి ఉండవచ్చు. మనం తెలుసుకోవలసినది మొదటి విద్యార్థి సంగతి కాదు, నూరవ విద్యార్థి సంగతి. సామాన్యమైన మార్కులతో చేరిన అతడు అక్కడ ఏమి నేర్చుకొన్నాడు, ఎక్కడికి వెళ్లాడు అన్న విషయాన్ని ఏ ప్రకటనా చెప్పదు. మనలో ఎక్కువమంది ఆ నూరవ విద్యార్థులమే.

ప్రకటనలను పక్కన పెట్టి ప్రభుత్వ ర్యాంకులను చూద్దామంటారు కొందరు. అది మేలైన ఆలోచనే. కేంద్ర ప్రభుత్వం 2015లో జాతీయ సంస్థాగత ర్యాంకుల విధానాన్ని రూపొందించి, 2016 నుంచి జాబితాలు ప్రకటిస్తున్నది. ఎన్.ఐ.ఆర్.ఎఫ్. అని మనం వ్యవహరించేది దీనినే. ఐతే ఆ అంకె దేనితో తయారైందో తెలుసుకోవాలి. విశ్వవిద్యాలయాల, ఇంజనీరింగ్ విద్యాసంస్థల విషయంలో నూటికి 30 పాళ్లు బోధన, వనరులకు; 30 పాళ్లు పరిశోధనకు; 20 పాళ్లు చదువు ముగించినవారి ఫలితాలకు; 10 పాళ్లు అన్ని ప్రాంతాల, వర్గాల వారికి లభించే అవకాశాలకు; మిగిలిన 10 పాళ్లు ఆ సంస్థపై ఇతరులకు ఉన్న అభిప్రాయానికి కేటాయించారు. చివరిదాన్ని గమనించండి. ప్రతిష్ఠకు ప్రభుత్వం కట్టిన విలువ నూటికి పది. మన ఇళ్లలో దానికి తొంభై కడుతున్నాం. ఇక పరిశోధనకు ఇచ్చిన 30 పాళ్లు డాక్టరేట్ చేయదలచినవారికి ఎంతో ముఖ్యం. మొదటి సంవత్సరం బి.టెక్. విద్యార్థికి ఆ పరిశోధనశాల తలుపు తెరుచుకొంటుందో లేదో విచారించుకోవాలి. ర్యాంకు అబద్ధం కాదు. అది మరొకరి అవసరాలను కూడ కలిపి వేసిన సగటు.

పేరును వెంబడించకుండా విద్యను వెంబడించిన తెలుగువారు ఉన్నారా అంటే, నాకు మొదట గుర్తుకు వచ్చేది డాక్టర్ యలవర్తి నాయుడమ్మ. ఆయన 1922 సెప్టెంబరు 10న నాటి గుంటూరు జిల్లాలోని యలవర్రు గ్రామంలో రైతు కుటుంబంలో జన్మించారు. గుంటూరులోని ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో ఇంటర్మీడియట్, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో పారిశ్రామిక రసాయన శాస్త్రం చదివారు. ఆ చదువుతో ఎన్నో గౌరవప్రదమైన ఉద్యోగాలకు వెళ్లవచ్చు. ఆయన మద్రాసులో తోళ్ల సాంకేతిక విద్య వైపు నడిచారు.

ఆ నిర్ణయం బరువు ఈనాటి విద్యార్థులకు వెంటనే తెలియకపోవచ్చు. తోలు పని అంటే మన సమాజంలో కులంతో ముడిపడిన చిన్నచూపు ఉండేది. అది పూర్తిగా పోయిందని ఇప్పటికీ చెప్పలేం. తరతరాలుగా ఆ పని చేసినవారిని ఊరి చివర ఉంచిన సమాజం అది. వారి చేతుల్లో ఉన్నది నిజానికి గొప్ప రసాయన విద్య. పచ్చి తోలు కుళ్లిపోకుండా నిలవాలంటే చెట్టు బెరడులోని కషాయ పదార్థం దానికి పట్టాలి. దక్షిణ భారతంలో ఇందుకు తంగేడు బెరడును వాడేవారు. బతుకమ్మను పేర్చేటప్పుడు మనం తప్పక వాడే ఆ తంగేడే. అట్లా పదును చేసిన తోళ్లు మద్రాసు రేవు నుంచి విదేశాలకు ఎగుమతి అయ్యేవి. ఊరివారు ముక్కు మూసుకొని దాటిపోయిన చోట నాయుడమ్మకు రసాయన శాస్త్రం కనిపించింది.

పై చదువుకు ఆయన అమెరికా వెళ్లారు. అమెరికా చదువు అనగానే మనకు నాలుగైదు పేర్లే నోటికి వస్తాయి. నాయుడమ్మ తోళ్ల రసాయన శాస్త్రంలో డాక్టరేట్ పొందినది పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లీహై విశ్వవిద్యాలయంలో. ఈ పేరు విని తలూపే బంధువులు మన ఊళ్లలో ఈనాటికీ తక్కువే. ఆయనకు కావలసిన విద్య అక్కడ ఉన్నది, కనుక అక్కడికి వెళ్లారు. ఇది కచుని లెక్కే. తిరిగి వచ్చి, మద్రాసులోని కేంద్రీయ తోళ్ల పరిశోధన సంస్థకు 1958లో సంచాలకులైనారు. 1971 నుంచి 1977 వరకు దేశంలోని శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలికి అధిపతిగా పనిచేశారు. తరువాత ఢిల్లీలోని జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా కూడ వ్యవహరించారు. 1985 జూన్ 23న కనిష్క విమానం విస్ఫోటనంలో ఆయన మరణించారు.

ఆయన పదవులను చూపి, 'చూశారా, చివరకు ప్రతిష్ఠ వచ్చింది కదా' అనడం నా అభిమతం కాదు. తోళ్ల సాంకేతిక విద్య చదివినవారందరూ మండలి అధిపతులు కాలేదు. ఆ విద్య చదివి, కర్మాగారాలలో పనిచేసి, కుటుంబాలను పోషించుకొన్న వేలమందికి ఆ చదువు తగినదే అయింది. అదే ముఖ్యం.

ఒక్కొక్కసారి మనకు తగిన చోటును మనకంటె ముందు మన గురువులు గుర్తిస్తారు. రాజమహేంద్రవరం ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు ఇరవయ్యవ శతాబ్ది రెండవ దశకంలో ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు చిత్రకళాభిమాని. 1897లో జన్మించిన దామెర్ల రామారావు చేతిలోని విద్యను ఆయన గమనించి, ఆ యువకుడు బొంబాయిలోని జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరడానికి తోడ్పడ్డారు. తన కళాశాల మంచిది కాదని కాదు. ఈ విద్యార్థికి కావలసినది తన దగ్గర లేదని ఆయనకు తెలుసు. రామారావు చదువు ముగించి తిరిగి వచ్చి, రాజమహేంద్రవరంలోనే చిత్రకళాశాల నెలకొల్పారు. 1925లో ఇరవై ఎనిమిదేళ్లయినా నిండకుండానే మరణించినా, ఆయన చిత్రాలు ఆ నగరంలోని చిత్రశాలలో నేటికీ చూడవచ్చు. 'నీవు ఇక్కడ కాదు, అక్కడ చేరు' అని చెప్పగలిగిన ప్రిన్సిపాలు దొరకడం విద్యార్థి అదృష్టం. సీట్లు నింపుకోవడమే పనిగా ఉన్న చోట అటువంటి మాట వినపడదు.

ఇక మహమ్మద్‌నగర్ అమ్మాయి విషయానికి వద్దాం. ఆమెకు దారులు లేవా? కామారెడ్డిలోనే పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన పాడి సాంకేతిక కళాశాల ఉన్నది. అక్కడ డెయిరీ టెక్నాలజీలో నాలుగేళ్ల బి.టెక్. చదవవచ్చు. నిజామాబాద్ జిల్లా రుద్రూర్‌లో ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆహార శాస్త్ర సాంకేతిక కళాశాలను నడుపుతున్నది. బి.ఎస్‌సి., బి.ఏ., బి.కాం. చదవదలచినవారికి బాన్సువాడలో శ్రీరాం నారాయణ్ ఖేడియా ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉన్నది. 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం డిచ్‌పల్లిలో ఉండగా, దాని దక్షిణ ప్రాంగణం కామారెడ్డి జిల్లా భిక్కనూరులోనే ఉన్నది. హైదరాబాదు ఎటూ ఉండనే ఉన్నది.

పాడి సాంకేతిక విద్య అంటే బర్రెలు మేపడం కాదు. పాలను 72 డిగ్రీల సెల్సియస్ వద్ద 15 సెకన్లు వేడిచేసి వెంటనే చల్లబరిస్తే హానికరమైన సూక్ష్మజీవులు నశిస్తాయి, పాల గుణం చెడదు. ఆ పదిహేను సెకన్లను లక్షల లీటర్లకు సమంగా అందించాలంటే ఉష్ణగతిక శాస్త్రం తెలియాలి, ద్రవాల ప్రవాహం తెలియాలి, యంత్రాలు తెలియాలి. ఎం.పి.సి.లో ఆమె చదివిన గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు మూడూ అక్కడ పనికి వస్తాయి. పాల కేంద్రంలో చిన్ననాడు పుట్టిన సందేహానికి సమాధానం కూడ అక్కడే దొరుకుతుంది. ఐతే ఆ శాఖ పరిధి కంప్యూటర్ శాఖ పరిధి వంటిది కాదు. పాల కర్మాగారాలు, ఆహార పరిశ్రమలు, వాటి అనుబంధ సంస్థలు - ఇవీ ఆ పట్టానికి ముందుగా తలుపు తెరిచేవి. ఇష్టం మారితే దారి మార్చుకోవడం కొంత కష్టం. ఈ విషయాన్ని కూడ ఆమెకు చెప్పకుండా 'నీకు పాడి అంటే ఇష్టం కదా' అని ప్రోత్సహించడం మరొక రకమైన ఫ్లెక్సీ.

తగినది అంటే ఇప్పుడు ఇష్టమైనది అని అర్థం చేసుకోరాదు. పాల విప్లవ పితామహుడుగా పేరొందిన వర్గీస్ కురియన్ 1949లో గుజరాత్‌లోని ఆనంద్‌కు ఇష్టంతో వెళ్లలేదు. ప్రభుత్వ ఉపకార వేతనంపై అమెరికాలో చదివినందుకు తప్పనిసరిగా పనిచేయవలసి వచ్చి వెళ్లారు. ఎప్పుడు విడుదల దొరుకుతుందా అని ఎదురుచూశారు. అక్కడి రైతుల సహకార సంఘంతో పనిచేస్తున్నకొద్దీ ఆ పని ఆయనకు తగినదైంది. పదిహేడేళ్ల వయస్సులో 'నాకు ఏది ఇష్టమో నాకే తెలియదు' అని చెప్పే విద్యార్థులు నా తరగతిలో ప్రతి ఏటా ఉంటారు. అది లోపం కాదు. అటువంటివారు ఒకే శాఖకు కట్టిపడవేసే చదువుకంటె, రెండు మూడు శాస్త్రాలను పరిచయం చేసే డిగ్రీలో చేరి, స్నాతకోత్తర విద్యకు వెళ్లేనాడు దారిని నిర్ణయించుకోవడం మేలు.

ఔచిత్యంలో విద్యతో పాటు విద్యార్థి స్వభావం కూడ ఉన్నది. కొందరు పోటీ ఉంటేనే చదువుతారు. కొందరు పోటీలో బిగుసుకుపోతారు. పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి, ఆంగ్లంలో వేగంగా సాగే బోధన మొదటి ఆరు నెలలు పెద్ద పరీక్ష. సందేహం అడిగితే ఆగి మరొకసారి చెప్పే అధ్యాపకుడు ఉన్నాడా లేడా అన్నది అటువంటి విద్యార్థికి కళాశాల పేరుకంటె వేయి రెట్లు ముఖ్యం. మాధ్యమం మనిషిని కట్టివేయదు. 1918లో ఉర్దూ మాధ్యమంతో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనే డిగ్రీ చదివిన సింగిరెడ్డి నారాయణరెడ్డి, ఆ తరువాత తెలుగు కవిగా జ్ఞానపీఠం అందుకొన్నారు. కాని మాధ్యమం మారే వేళ చేయి పట్టుకొనేవారు కావాలి.

ఇదంతా విని 'ఐతే పేరున్న కళాశాలల వల్ల ప్రయోజనమే లేదా?' అని మీరు అడగవచ్చు. తప్పక ఉన్నది. మంచి గ్రంథాలయం, చురుకైన సహాధ్యాయులు, దేశదేశాలలో ఉన్న పూర్వ విద్యార్థులు - ఇవి పేరుతో పాటు రావచ్చు. ఈ సందర్భంలో వక్తలు తరచుగా సత్య నాదెళ్ల పేరు చెబుతారు. 2014లో మైక్రోసాఫ్ట్ సంస్థకు ముఖ్య కార్యనిర్వహణాధికారి అయిన ఆయన, తాను ఐ.ఐ.టి. ప్రవేశ పరీక్షలో నెగ్గలేకపోయిన సంగతిని 2017లో వెలువడిన తన పుస్తకంలో తానే చెప్పుకొన్నారు. మణిపాల్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, అమెరికాలో మిల్వాకీలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రం చదివారు. దీని నుంచి 'ఏ కళాశాల అయినా ఒకటే' అని తేల్చేవారితో నేను ఏకీభవించను. ఆయన తండ్రి ఐ.ఏ.ఎస్. అధికారి; తల్లి సంస్కృత అధ్యాపకురాలు. పుస్తకాలు, సంభాషణలు, ధైర్యం ఇంటి నుంచే లభించిన విద్యార్థికి కళాశాలలోని కొన్ని లోపాలు అడ్డు రావు. ఇంటిలో ఆ వసతి లేని విద్యార్థికి అవి కళాశాలలో దొరకాలి. కనుక మొదటి తరం విద్యార్థులే గ్రంథాలయాన్ని, అధ్యాపకులను గురించి ఎక్కువ పట్టింపుతో విచారించాలి. ఆచరణలో జరుగుతున్నది దీనికి విరుద్ధం. అడగడం నేర్చినవారే అడుగుతున్నారు.

డబ్బు సంగతి కూడ మొగమాటం లేకుండా మాట్లాడుకోవాలి. ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటాలో నిండుతాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ అర్హులైనవారికి కన్వీనర్ కోటా సీట్లలోనే వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే మొత్తం భారం కుటుంబానిదే. రీయింబర్స్‌మెంట్ ఉన్నప్పుడు కూడ వసతి గృహం, భోజనం, ప్రయాణం ఖర్చులను ముందే లెక్క వేసుకోవాలి. అప్పుతో చదువుతున్న విద్యార్థి తరగతిలో కూర్చొని ఇంటి సంగతే ఆలోచిస్తూ ఉంటే, ఆ కళాశాల ఎంత గొప్పదైనా అతనికి తగినది కాదు. పొరపాటున తగని చోట చేరిన విద్యార్థి మనసులో కుమిలిపోకుండా ఆ మాటను ఇంటివారికీ అధ్యాపకులకూ చెప్పాలి. వెనుకకు వచ్చి మరొక దారిన వెళ్లినవారు ఎందరో ఉన్నారు. ఒక సంవత్సరం పోయినంత మాత్రాన చదువు పోదు.

ఐచ్ఛికాల నమోదు గురించి ఒక మాట. తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ విధానంలో జరుగుతున్నాయి. ఇంజనీరింగ్ ప్రవేశాలకు ఎంసెట్ స్థానంలో 2024 నుంచి ఈఏపీసెట్ అనే పేరుతో పరీక్ష జరుగుతున్నది. రెండింటిలోనూ విద్యార్థి తనకు కావలసిన కళాశాలలను, శాఖలను వరుసగా నమోదు చేయాలి. ప్రతిభా క్రమంలో మీ వంతు వచ్చినప్పుడు, మీ జాబితాలో పైనుంచి కిందికి చూస్తూ, ఖాళీ ఉన్న మొదటి సీటు మీకు కేటాయిస్తారు. కాబట్టి వరుసే ప్రాణం. ఇష్టం లేని శాఖను పెద్ద పేరు చూసి మూడవ స్థానంలో వ్రాసి, నిజంగా కావలసిన శాఖను ఏడవ స్థానంలో వ్రాస్తే, మూడవదే వస్తుంది. ఏడవది మీకు దొరికే ఉండేదన్న సంగతి కంప్యూటరుకు పట్టదు. స్నేహితుని జాబితాను ఉన్నది ఉన్నట్టు ఎక్కించుకొనేవారిని, ఇంటర్నెట్ కేంద్రం నడిపేవానికే ఆ పని అప్పగించేవారిని ప్రతి జూన్‌లోనూ చూస్తున్నాం. పొలం హద్దులు మరొకరిని గీయనివ్వని మనవారు ఈ జాబితాను మాత్రం అపరిచితుని చేతికి ఇస్తున్నారు.

ఆ వరుస తేలాలంటే కళాశాలను కంటితో చూడాలి. ఉత్సవం రోజున కాదు, తరగతులు జరిగే సాధారణ దినాన వెళ్లాలి. ప్రయోగశాలలో ఒక్కొక్క పరికరం దగ్గర ఎందరు విద్యార్థులు నిలబడి ఉన్నారో చూడాలి. గ్రంథాలయం సాయంత్రం ఎన్ని గంటల వరకు తెరిచి ఉంటుందో, పుస్తకాలపై చివరిసారి తేదీ ముద్ర ఎప్పుడు పడిందో గమనించాలి. శాశ్వత అధ్యాపకులు ఎందరో అడగాలి. కార్యాలయంలో చెప్పిన సమాధానాన్ని ద్వితీయ సంవత్సరం విద్యార్థి చెప్పే సమాధానంతో పోల్చుకోవాలి. మొదటి సంవత్సరం వారికి ఇంకా తెలియదు, చివరి సంవత్సరం వారు అప్పటికే సర్దుకొనిపోయి ఉంటారు. వసతి గృహంలో ఒక పూట భోజనం చేయనిస్తే చేయాలి. ఆడపిల్లలైతే చీకటి పడిన తరువాత గ్రంథాలయం నుంచి వసతి గృహానికి నడిచే దారిలో దీపాలు ఉన్నాయేమో చూడాలి. రోజూ ఇంటి నుంచి వెళ్లి వచ్చేవారు చివరి బస్సు వేళను కూడ తెలుసుకోవాలి.

మహమ్మద్‌నగర్ తండ్రీకూతుళ్లకు ఇందుకు అయ్యే ఖర్చు కామారెడ్డికి, రుద్రూర్‌కు, హైదరాబాదుకు బస్సు చార్జీలు, మూడు రోజుల కూలి. ఇంటర్మీడియట్ పరీక్షలు ముగిసిన వారంలోనే వారు బయలుదేరితే మంచిది. అప్పటికి కళాశాలలకు ఇంకా వేసవి సెలవులు మొదలై ఉండవు. ఆ తరువాత ఐచ్ఛికాలు నమోదు చేయడానికి ఇచ్చే గడువు కొద్ది రోజులే.